కోరంటి, క్లబ్‌హౌస్, కంది

హైదరాబాద్‌లో పాతతరం మనుషులు నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌ని కోరంటి దవాఖాన అంటారు. వినడానికి ఏ జాగీర్దారు ఇంటిపేరులాగో ఉంటుంది గానీ, అది క్వారంటైన్. అంటురోగాలు వచ్చినవాళ్ళని ఊరికి దూరంగా ఉంచడానికి 1915లో మొదలైన ఆస్పత్రి. ఇంగ్లీషు మాట జనం నోళ్ళలో నాని నాని కోరంటి అయి కూర్చుంది. తర్వాత దానికి సర్ రోనాల్డ్ రాస్ పేరు పెట్టారు. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో మలేరియా క్రిమిని పట్టుకున్నాయన. అంత పెద్ద పేరు కూడా కోరంటిని కదిలించలేకపోయింది.

ఆ మాటకి మూలం ఇటలీ వాళ్ళ 'నలభై'. ప్లేగు రోజుల్లో వెనిస్ రేవుకొచ్చిన ఓడల్ని నలభై రోజులు దూరంగా లంగరేయించేవాళ్ళు. 2020లో మన లాక్‌డౌన్ మొదటి రెండు విడతలు కలిపి, మార్చి 25 నుంచి మే 3 దాకా లెక్కేస్తే సరిగ్గా 40 రోజులు. కావాలని ఎవరూ పెట్టి ఉండరు. 21, 19 కలిస్తే అలా వచ్చింది. ఈ వ్యాసం ఆ నలభై రోజుల గురించి. అదీ హైదరాబాద్ నుంచి ముంబై వెళ్ళే హైవే మీద, రామచంద్రాపురం నుంచి జహీరాబాద్ దాకా ఉన్న ఒక ముక్క గురించి.

రోగం వస్తే దూరంగా ఉండాలని మనకి 2020లో కొత్తగా ఎవరూ నేర్పలేదు. కలరాని తెలంగాణలో గత్తర అంటారు. గత్తరొచ్చిందంటే ఊరు ఖాళీ చేసి చేలల్లో గుడిసెలేసుకుని ఉండేవాళ్ళని పెద్దవాళ్ళు చెప్పే కథలు ఈ చుట్టుపక్కల ఏ ఊళ్ళో అడిగినా దొరుకుతాయి. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల కథ కూడా గత్తర కథే. 1813లో జంటనగరాల్లో జనం పిట్టల్లా రాలిపోతుంటే, ఉజ్జయినిలో డ్యూటీలో ఉన్న సురిటి అప్పయ్య అనే సైనికోద్యోగి అమ్మవారికి మొక్కుకున్నాడని, రెండేళ్ళకి తిరిగొచ్చి ఇక్కడ విగ్రహం నిలబెట్టాడని చెప్తారు. బోనాల చివర 'సాగనంపడం' అని ఒక ఘట్టం ఉంటుంది చూడండి. అమ్మవారిని ఘనంగా ఊరేగించి పంపించడం. రోగాన్ని తిట్టి తరమరు, మర్యాదగా పొలిమేర దాటిస్తారు. అదే బోనాలని 2020 ఆషాఢంలో ఎవరిళ్ళల్లో వాళ్ళే చేసుకోవాల్సి రావడం, గత్తర కోసం పుట్టిన పండగ ఇంకో గత్తర వల్ల గుమ్మం దాటకపోవడం, చిత్రమైన సంగతి.

మార్చి 2020లో ఊళ్ళు మళ్ళీ పొలిమేరని గుర్తుచేసుకున్నాయి. తెలంగాణలో చాలా గ్రామాలు ప్రభుత్వం చెప్పేదాకా ఆగలేదు. రోడ్డుకడ్డంగా ముండ్లకంప, బండరాళ్ళు, ఎడ్లబండ్లు పెట్టేశారు. కొన్నిచోట్ల రోడ్డే తవ్వేశారు. కాపలా కూర్చున్నది ఎక్కువగా ఊరి యువజన సంఘాల కుర్రాళ్ళు. వినాయక చవితికి చందాలు వసూలు చేసి, సంక్రాంతికి క్రికెట్ టోర్నమెంట్ పెట్టే వాళ్ళే. వాళ్ళకి పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెయ్యడానికి ఒక పని దొరికింది. పనితో పాటు ఒక అధికారం కూడా: ఎవరు మనోళ్ళు, ఎవరు కాదు అని తేల్చే అధికారం.

నాకు ఆ నలభై రోజుల అసలు చరిత్ర ఈ ప్రశ్నలోనే ఉందనిపిస్తుంది. వైరస్ శరీరాన్నే చూస్తుంది, మనిషి ఎవరని అడగదు. కానీ ఆ రోజుల్లో అన్నం దొరకాలన్నా, ఇంటికి వెళ్ళాలన్నా, గేటు తెరుచుకోవాలన్నా ముందు అడిగింది ఒకటే: నువ్వు ఏ జాబితాలో ఉన్నావు?

ఈ హైవే ఆ ప్రశ్నకి తయారుగా ఉన్న ప్రయోగశాల. ఒక చివర రామచంద్రాపురంలో 1960లలో వచ్చిన బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్: క్వార్టర్లు, కమ్యూనిటీ సెంటర్, సొంత ఆస్పత్రి. దాటితే పటాన్‌చెరు. 1972లో ఇక్రిశాట్, ఆ దశాబ్దం నుంచే ఒకటొకటిగా ఫ్యాక్టరీలు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, మందుల కంపెనీల వాసన కిటికీలోంచి పసిగట్టి బస్సు ఎక్కడుందో చెప్పగలిగేవాళ్ళు ఈ రూట్లో ఉన్నారు. పక్కన అమీన్‌పూర్, బీరంగూడ వైపు ఈ పదిహేనేళ్ళలో మొలిచిన అపార్ట్‌మెంట్లు, విల్లాలు, వాటిలో నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళు. ముందుకెళ్తే కంది, అక్కడ ఐఐటీ. ఆ తర్వాత సంగారెడ్డి, సదాశివపేట. చివర జహీరాబాద్, జొన్న, కంది పండే ఎర్రనేలలు. ఇదంతా 2016 అక్టోబర్ నుంచి ఒకే జిల్లా.

ముందు మా వైపు సంగతి. బీరంగూడలో నేనుండే అపార్ట్‌మెంట్లకి ఒక క్లబ్‌హౌస్ ఉంది. షటిల్ కోర్టు, రెండు క్యారమ్ బోర్డులు, ఎప్పుడూ ఒకటి పాడై ఉండే రెండు ట్రెడ్‌మిల్లులు. జనతా కర్ఫ్యూ రోజు, మార్చి 22న, దానికి తాళం పడింది. తెలంగాణలో ఆ కర్ఫ్యూని 24 గంటలు పెట్టారు కదా, ఆ సాయంత్రమే రాష్ట్రమంతా లాక్‌డౌన్ అన్నారు. తాళం మళ్ళీ నెలల తరబడి తీయలేదు. కానీ క్లబ్బు మూతపడలేదు. వాట్సాప్‌లోకి మారింది. ఆదివారం తంబోలా జూమ్‌లోకి వెళ్ళింది. ఫ్రీ అకౌంట్ 40 నిమిషాలకి తెగిపోతుంది కాబట్టి ఫుల్ హౌస్ కొట్టేవాళ్ళు ఆ లోపే కొట్టాలి. ఇక్కడ కూడా నలభై! కూరగాయల బండి ఎప్పుడొస్తుంది, బీపీ మాత్రలు ఎక్కడ దొరుకుతున్నాయి, అమెరికాలో పిల్లలున్న పెద్దవాళ్ళకి ఎవరు ఫోన్ చేస్తున్నారు, ఇవన్నీ ఆ గ్రూపులోనే నడిచాయి. అంతకు ముందు లిఫ్టులో తల పైకెత్తని మనుషులు ఒకరి తలుపు ముందు ఒకరు పాల ప్యాకెట్లు పెట్టి వెళ్ళారు. ఇదంతా నిజంగా మంచిపనే, వెటకారం లేదు.

అయితే ఆ క్లబ్బుకి సభ్యులెవరన్నది కూడా అప్పుడే స్పష్టంగా కనబడింది. పనిమనుషులు రాకూడదన్నారు, వాళ్ళకి జీతం ఇవ్వాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్ళది. డెలివరీ కుర్రాళ్ళు గేటు దగ్గరే. వాచ్‌మన్ కుటుంబం సెల్లార్‌లో ఉంటుంది, అంటే మాకన్నా ఎక్కువ గంటలు ఆ ఆవరణలోనే, కానీ గ్రూపులో లేదు. గేటు తీసి మూసేవాడికి గేటు లోపలి సభ్యత్వం లేదు.

2020 జూలైలో కేంద్ర ఆరోగ్య శాఖ ఒక మార్గదర్శకం ఇచ్చింది. అపార్ట్‌మెంట్ సొసైటీలు, రెసిడెంట్ అసోసియేషన్లు తమ ఆవరణలోనే, కమ్యూనిటీ హాల్ లాంటి చోట, చిన్న కోవిడ్ కేర్ గదులు పెట్టుకోవచ్చని. ఖర్చు ఎవరిది వాళ్ళదే. అలా నగరం చుట్టూ కొన్ని క్లబ్‌హౌస్‌లు మంచాలేసుకుని సిద్ధమయ్యాయి. 1915 నాటి కోరంటి ఊరి మొత్తానిది, ఊరికి బయట. 2020 కోరంటి మెయింటెనెన్స్ కట్టేవాళ్ళది, గేటుకి లోపల. నూరేళ్ళలో క్వారంటైన్ చేసిన ప్రయాణం ఇంత అని ఒక్క ముక్కలో చెప్పమంటే నేను ఇదే చెప్తాను.

అదే రోడ్డు రెండో చివరకి పోదాం. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. ఊరూరా మహిళా సంఘాలు, సభ్యుల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్ళు. పాత పంటల విత్తనాలు దాచడం, బీడు భూముల్ని సాగులోకి తేవడం వీళ్ళ పని. మాచనూరులో 2008 నుంచి సొంత రేడియో కూడా నడుపుతున్నారు. వీళ్ళ గురించి సాధారణంగా చిరుధాన్యాల కోణంలోనే రాస్తారు. ఈ వ్యాసానికి కావాల్సింది వేరే సంగతి, 1990లలో వీళ్ళు పెట్టిన జొన్న రేషన్.

అప్పట్లో రేషన్ షాపులో బియ్యమే దొరికేవి, ఈ నేలలో పండేది జొన్న. సంఘాలు బీడు భూముల రైతులకి సాగు ఖర్చుకి అప్పిచ్చాయి, దాన్ని డబ్బుగా కాకుండా జొన్నలుగా తిరిగి కట్టమన్నాయి. అలా వచ్చిన గింజల్ని ఊళ్ళోనే నిలవ చేశాయి. కరువు నెలల్లో తక్కువ ధరకి పంచాయి. ఎవరికి ఎంత? ఇక్కడే వాళ్ళ తెలివి. ఊరి పటం నేల మీద గీసి, అందరి ముందూ కూర్చుని, ఇంటింటికీ లెక్క కట్టారు. ఎవరింట్లో తిండికి ఎక్కువ కటకట, ఎవరికి కొంచెం పర్వాలేదు అని. మరీ లేనివాళ్ళకి ఎక్కువ, ఉన్నవాళ్ళకి తక్కువ. ఆఫీసులో తయారైన బీపీఎల్ జాబితాలో పేరెందుకు లేదో ఎవర్నడగాలో మనకి తెలీదు. ఈ జాబితాలో తప్పుంటే పక్కనే కూర్చున్న మనిషి లేచి అడుగుతుంది.

డేటాబేస్‌లతో బతికేవాడిగా నాకు ఈ పద్ధతి మీద గౌరవం ఉంది. మేం రాసే ప్రతి సిస్టమ్‌లోనూ రికార్డు లేకపోతే మనిషి లేనట్టే లెక్క. రికార్డు లేని మనిషి ఎదురుగా నిలబడితే ఏం చెయ్యాలన్నది ఏ స్పెసిఫికేషన్‌లోనూ ఉండదు.

2020లో ఆ సంఘాల ఆడవాళ్ళు తమ గింజల్లోంచి తీసి సహాయానికి ఇచ్చారు. జహీరాబాద్‌లో డ్యూటీలో ఉన్న పోలీసులకి, సఫాయి కార్మికులకి, ఆరోగ్య సిబ్బందికి చిరుధాన్యాల అంబలి కాచి పోశారు. ఎండాకాలం రోడ్డు మీద నిలబడినవాడికి అంబలి విలువ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. వాళ్ళు పోసింది తమ సంఘంలో లేని మనుషులకి అని గమనించాలి.

ఇప్పుడు ఈ రెండు చివరల మధ్యలో ఉన్న కంది. ఐఐటీ హైదరాబాద్ 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో తాత్కాలికంగా మొదలై, తర్వాత కందికి మారింది. జపాన్ అప్పుతో క్యాంపస్ రెండో దశ భవనాలు లేస్తున్నాయి. కట్టేవాళ్ళు బీహార్, జార్ఖండ్, ఒడిశా, బెంగాల్ లాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్ళు, సుమారు 2,400 మంది. క్యాంపస్ లోపలే రేకుల షెడ్లలో ఉండేవాళ్ళు. విద్యార్థుల్ని మార్చిలోనే ఇళ్ళకి పంపేశారు. కార్మికులు మిగిలారు. మేం ఫ్లాట్లలో ఒంటరిగా ఉన్నామని బెంగపడుతుంటే, అక్కడ ఒంటరిగా ఉండటమే కుదరదు. ఒక్కో గదిలో పలువురు, అందరికీ కలిపి కొన్ని మరుగుదొడ్లు. సామాజిక దూరం అన్న మాటకి అక్కడ ఒకే అర్థం: ఊరికి, ఇంటికి మధ్య ఉన్న దూరం.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని అనడం అన్యాయం. తెల్లకార్డు ఉన్నవాళ్ళకి మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. కార్డు లేని వలస కార్మికులకి కూడా తలకి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామని మార్చి ఆఖర్లోనే ప్రకటించింది. సర్వే చేసి 3 లక్షల పైచిలుకు మంది ఉన్నారని తేల్చింది. వలస కార్మికుడిని మనిషిగా లెక్కలోకి తీసుకున్న ప్రకటన అది, చాలా రాష్ట్రాలకన్నా ముందు. కానీ తేడా చూడండి. కార్డున్న కుటుంబానికి 1,500, కార్డు లేని మనిషికి 500. మొదటివాళ్ళది హక్కు, రెండోవాళ్ళది సాయం. కేంద్రం మార్చి 24న రాష్ట్రాలకి ఇంకో సలహా ఇచ్చింది: నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుల్లో సెస్సుగా వసూలైన డబ్బు దాదాపు 52,000 కోట్లు ఉంది, దాంట్లోంచి కార్మికుల ఖాతాల్లో వెయ్యండి అని. అది ఆ బోర్డులో పేరు నమోదైన వాళ్ళకి. కట్టే ప్రతి భవనం ఖర్చులో ఒక శాతం పోయి చేరిన డబ్బది. ఆ భవనం కట్టినవాడి పేరు బోర్డులో ఉందా అన్నది మాత్రం వేరే ప్రశ్న.

దీనికన్నా వింతైన సంగతి ఇంకొకటి. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమని 1979లో ఒకటి చేశారు. ఒడిశాలో దాదన్ అనే పద్ధతి ఉండేది. మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి మనుషుల్ని దూరప్రాంతాలకి తోలుకుపోయేవాళ్ళు. దాన్ని అదుపు చెయ్యడానికి పుట్టిన చట్టమిది. దీని ప్రకారం కాంట్రాక్టరు ప్రతి కార్మికుడి వివరాలూ ఇటు ప్రభుత్వానికీ అటు ప్రభుత్వానికీ ఇవ్వాలి. ఊరు వదిలొచ్చినందుకు భత్యం ఇవ్వాలి, నెల జీతంలో సగమో 75 రూపాయలో, ఏది ఎక్కువైతే అది. పోను రాను ఛార్జీలు ఇవ్వాలి. అంతేకాదు, ఆ ప్రయాణంలో గడిచిన రోజుల్ని కూడా డ్యూటీలో ఉన్నట్టే లెక్కేసి జీతం కట్టాలి. చదివితే నమ్మబుద్ధి కాదు. 2020 మేలో దేశమంతా రైలు టికెట్టు డబ్బులు కేంద్రం పెట్టుకోవాలా రాష్ట్రం పెట్టుకోవాలా అని టీవీల్లో కొట్టుకుంటుంటే, నలభై ఏళ్ళ కిందటి చట్టంలో జవాబు రాసిపెట్టి ఉంది. అదే 2020 సెప్టెంబర్‌లో పార్లమెంటు ఆ చట్టాన్ని కొత్త లేబర్ కోడ్‌లో కలిపేసింది.

ఏప్రిల్ 29 ఉదయం కందిలో కార్మికులు పని మానేసి బయటికొచ్చారు. జీతాలు రాలేదు, ఇంటికి పంపండి: రెండే మాటలు. పోలీసులు ఆపబోయారు, రాళ్ళు పడ్డాయి, పోలీసు వాహనం అద్దాలు పగిలాయి, కొందరు పోలీసులకి దెబ్బలు తగిలాయి. లాక్‌డౌన్ మొదలై అప్పటికి 36 రోజులు. కలెక్టర్, ఎస్పీ వచ్చి మాట్లాడారు, బకాయి జీతాలిస్తామని కంపెనీ ఒప్పుకుంది. ఆ రోజు టీవీ స్క్రోలింగ్‌లో 'వలస కూలీల దాడి' అని వచ్చింది. దాడి జరిగిన మాట నిజం. అయితే ఆ ఉదయం దాకా 36 రోజులు ఆ షెడ్లలో ఏం జరిగిందో ఏ స్క్రోలింగూ చెప్పలేదు. క్లబ్బులు, సంఘాలు, గ్రూపులు, బోర్డులు, ఏదో ఒక దాంట్లో సభ్యత్వం ఉన్నవాళ్ళు అడిగితే విన్నపం అంటారు, లెటర్‌హెడ్ మీద రాసుకుంటారు. దేంట్లోనూ పేరు లేనివాళ్ళు పదిమంది కలిసి నిలబడితే గొడవ అంటారు.

సరిగ్గా అదే రోజు, ఏప్రిల్ 29న, కేంద్ర హోం శాఖ వలస కార్మికులు సొంత రాష్ట్రాలకి వెళ్ళొచ్చని ఉత్తర్వు ఇచ్చింది. బస్సుల్లో. కంది నుంచి జార్ఖండ్‌కి బస్సులో, మే నెల ఎండలో! రెండు రోజులు కూడా తిరక్కుండానే సంగతి మారింది. కందిలోని జార్ఖండ్ వాళ్ళని రాత్రికి రాత్రి ఆర్టీసీ బస్సుల్లో ఎక్కించి లింగంపల్లి స్టేషన్‌కి తీసుకొచ్చారు. పరీక్షలు చేసి, వరసలో నిలబెట్టి, రైలెక్కించారు. 24 బోగీలు, 72 మంది పట్టే బోగీలో 54 మందే. మే 1, తెల్లవారుజామున 4 గంటల 50 నిమిషాలకి దాదాపు 1,200 మందితో ఆ రైలు రాంచీ దగ్గరున్న హటియాకి బయల్దేరింది. బయట జనానికి తెలిసేసరికే రైలు వెళ్ళిపోయింది. ఆ రోజు మేడే అని కావాలని ఎంచుకుని ఉండరు. ఆ రాత్రికి హటియా చేరింది.

లాక్‌డౌన్‌లో దేశం మొత్తం మీద వలస కార్మికుల కోసం కదిలిన మొదటి రైలు అది. రైళ్ళకి అనుమతిస్తూ హోం శాఖ ఉత్తర్వు వచ్చింది కూడా ఆ రోజే. తర్వాత ఆగస్టు ఆఖరు దాకా 4,621 శ్రామిక్ స్పెషల్ రైళ్ళు నడిచాయి. 63 లక్షల మంది ఎక్కారు. ఈ రైళ్ళు మొదలవ్వడానికి కంది గొడవే కారణమని అనను, సూరత్‌లో, ముంబైలో అప్పటికే జనం రోడ్ల మీదికొచ్చారు. కానీ మొట్టమొదటి రైలు ఏ మహానగరం నుంచో కాకుండా లింగంపల్లి నుంచి, ఈ కార్మికులతోనే ఎందుకు కదిలిందన్న ప్రశ్నకి ఏప్రిల్ 29 ఉదయం తప్ప ఇంకో జవాబు నాకు కనబడదు. ఆ చరిత్రకి కంది క్యాంపస్‌లో ఒక శిలాఫలకం పెట్టినా తప్పులేదు. కొత్త భవనాలు చాలానే లేచాయి, గోడ దొరక్కపోదు.

సెప్టెంబర్ 14న లోక్‌సభలో లాక్‌డౌన్‌లో ఎంతమంది వలస కార్మికులు చనిపోయారని అడిగితే, అలాంటి సమాచారం మా దగ్గర లేదని కార్మిక శాఖ జవాబిచ్చింది. ఎక్కిన 63 లక్షల మందికి లెక్క ఉంది, ఎందుకంటే రైలుకి టికెట్టుంటుంది. నడిచి వెళ్ళినవాళ్ళకి ఏ జాబితా ఉంటుంది?

లింగంపల్లి కథలో ఇంకో వారం మిగిలింది. ఆ యాసంగిలో తెలంగాణలో వరి విపరీతంగా పండింది. ధాన్యం కొనుగోలు కేంద్రాలకి వచ్చి పడుతోంది, మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు లేరు. వాళ్ళలో ఎక్కువమంది బీహార్ వాళ్ళు. హోలీకి ఊళ్ళకి వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయారు. మే 8న బీహార్‌లోని ఖగడియా నుంచి రెండు వందల పైచిలుకు మందితో ఒక రైలు తెలంగాణకి వచ్చింది. దేశమంతా రైళ్ళు ఒకే దిక్కుకి పోతుంటే ఇది ఎదురు దిక్కున వచ్చింది. ఆగింది లింగంపల్లిలోనే. మంత్రి గంగుల కమలాకర్ స్టేషన్‌కి వెళ్ళి, దిగినవాళ్ళ చేతికి పూలిచ్చి, మాస్కులిచ్చి స్వాగతం చెప్పారు. వాళ్ళని ఏ జిల్లా మిల్లుకి ఎవరు వెళ్ళాలో పేర్ల వారీగా బస్సులెక్కించి పంపించారు. ఈసారి జాబితా ముందే తయారుగా ఉంది.